పిన్ని ఎక్కించిన గ్లూకోజు

పద్దెనిమిదేళ్లుగా ఆపరేషన్ల వార్డులో నర్సు ఆమె. నరం దొరకని చేతికైనా ఒక్క పోటుతో సూది గుచ్చేస్తుందని పేరు. ఆ పేరంటే ఆమెకు గర్వం, దాన్ని దాచుకునే రకం కూడా కాదు.

అలాంటి పిన్ని ఉండగా బుల్లికి భయమేమిటనుకున్నారు ఇంటిల్లిపాదీ. ఆరేళ్ల బుల్లి ఆమె అక్క కూతురు. పిల్లకి ఫిట్స్. మందులకు లొంగకపోతే డాక్టరు చక్కెర, పిండిపదార్థాలు దాదాపుగా మాన్పించి కొవ్వు తిండి పెట్టమన్నాడు. చక్కెర అందకపోతే కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు తయారుచేస్తుంది. ఆ కీటోన్లే బుల్లి మెదడుకు కాపలా. అక్క ప్రతి ముద్దా తూచి పెట్టింది. పిన్ని ఇంట్లో చక్కెర డబ్బా అటకెక్కింది. ఫిట్స్ రాకుండా రెండేళ్లు నిండితే పథ్యం సడలిస్తామన్నారు. ఇక మూడు వారాలే మిగిలాయి.

ఆ ఉదయం బుల్లి వాంతులతో వేలాడిపోయింది. పిన్ని పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. అక్క కాగితాలు నింపడానికి వెళ్లింది. డాక్టరు ఇంకా రాలేదు.

"ఉప్పు సెలైనే పెట్టనా సిస్టర్?" అని డ్యూటీ నర్సు నసిగింది.

"నువ్వు జరుగమ్మా" అని పిన్నే గ్లూకోజు సీసా తగిలించింది. నోట్లోకి పోయేది తిండి, నరంలోకి పోయేది మందు. ఆమెకు తెలిసిన లోకం అది. అలవాటులో పొరపాటు అంటారే, అదే జరిగింది.

రెండు గంటల్లో పిల్ల లేచి కూర్చుంది. అక్క వచ్చి సీసా వంక చూసింది.

"ఇందులో చక్కెరేం లేదు కదే?"

పిన్ని కూడా సీసా వంక చూసింది. గబగబా గొట్టం మూసేసింది, కానీ సీసా సగం అయిపోయింది. మధ్యాహ్నం బుల్లికి ఫిట్స్ వచ్చింది.

"చక్కెర రాగానే కాలేయం కీటోన్లు చేయడం ఆపేస్తుందమ్మా. ఏ దారిన వచ్చావని అడగదు" అన్నాడు డాక్టరు. తెల్లటి కొవ్వు సీసా తెప్పించాడు. "ఇది ఎక్కిస్తాం. కీటోన్లు మళ్లీ రావడానికి రోజులు పడుతుంది. రెండేళ్ల లెక్క మాత్రం మళ్లీ మొదటినుంచే."

అక్క పిల్ల దుప్పటి సర్దింది. నాలుగు తిట్టి ఉంటే పిన్ని ప్రాణం కాస్త తేలికపడేది.

సాయంత్రం బుల్లి కళ్లు తెరిచింది.

"నాకు మళ్లీ వచ్చిందా పిన్నీ?"

"వచ్చింది తల్లీ."

పిల్ల ముఖం చిన్నబోయింది. "నేనేం తినలేదు పిన్నీ, ఒట్టు. అమ్మకి చెప్పవూ?"

"నువ్వు తినలేదు తల్లీ. నేనే పెట్టాను."

బుల్లికి ఆ మాట అర్థం కాలేదు. పిన్ని నమ్మలేదనుకుంది. సూది ఉన్న చేతినే తలమీద పెట్టుకుని మళ్లీ ఒట్టేసింది.