లెఫ్ట్ బ్యాక్ ప్రజ్వల్

ఆ ఆదివారం మధ్యాహ్నం చలిపులులు చిత్తుగా ఓడి ఇంటికి వచ్చారు. ముఖాలు వేలాడేసుకుని, బూట్లకు అంటిన మంచు మెట్ల మీదే దులుపుకుని, ఒక్కొక్కరే బేస్‌మెంట్‌లోకి దిగారు.

చలిపులులు అంటే కెనడాలోని విన్నిపెగ్‌లో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు. చలికాలంలో మైదానాలన్నీ మంచు కింద పడుకుంటాయి కాబట్టి ఊరి చివర ఓ పెద్ద షెడ్డులో, ప్లాస్టిక్ గడ్డి మీద ఆడతారు. జట్టులో సగం మంది ఈ బేస్‌మెంట్‌లోనే అద్దెకుంటారు. జట్టులో చోటున్నవాడికే ఇక్కడ మంచం. అలాగని ఎవరూ నియమం పెట్టలేదు, మొదటినుంచీ అలా నడిచిపోతోంది. పై అంతస్తులో ఒక గదిలో వాసవి, కావ్యశ్రీ ఉంటారు. ఆదివారం వంట మాత్రం అందరికీ కలిపి కిందే.

వాసవి అప్పటికే ఉల్లిపాయలు కోస్తోంది. పద్దెనిమిదేళ్ల పిల్ల. జనగామ దగ్గరి పల్లెలో, ప్రభుత్వ బడిలో చదువుకుంది. ఇంటర్ కాగానే అన్న ప్రజ్వల్ వెనకాలే కెనడా వచ్చింది. నలుగురిలో ఆమెకు గొంతు పెగలదు. కాలేజీలో పేరు పిలిస్తే చేయెత్తుతుంది తప్ప నోరు విప్పదు. ఈ ఇంట్లోనూ అంతే. ఆమె ఉన్న సంగతి మనుషులు తరచూ మరిచిపోతుంటారు.

ఆమె ఫోన్ బియ్యం డబ్బాకు ఆనించి ఉంది, తెర గోడవైపు తిప్పి. అందులో ప్రజ్వల్ లైన్‌లో ఉన్నాడు.

ఇది వాళ్లకు కొత్త కాదు. అన్న పని కోసం రెండు వేల కిలోమీటర్ల అవతలి విండ్సర్‌కు వెళ్లిన దగ్గర్నుంచి ఇద్దరూ ఫోన్ కలిపి పక్కన పెట్టుకుంటారు. పెద్దగా మాట్లాడుకోరు. ఆమె గిన్నెలు కడిగే చప్పుడు అతను వింటాడు, అతను బట్టలు మడతపెడుతూ తీసే కూనిరాగం ఆమె వింటుంది. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు చాలామంది చేసే పనే ఇది. పక్కన మనవాళ్లెవరో మసులుతున్నట్టు ఉంటుంది.

ఈ రోజు మాత్రం పని ఉంది. విండ్సర్‌లో కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో ప్రజ్వల్‌కు షిఫ్టులు తగ్గిపోయాయి. అంతకన్నా ఎక్కువగా అతనికి అక్కడ మాట్లాడే మనిషి లేడు. గదిలో ఉన్నవాళ్లు ఒకరు లేచేసరికి ఒకరు పడుకుంటారు. అందుకే ఫోన్ మాట్లాడాలంటే కింద ఆపిన తన పాత వ్యాన్‌లో కూర్చుంటాడు, ఇంజిన్ ఆన్ చేసి, హీటర్ పెట్టుకుని. తిరిగి విన్నిపెగ్ వచ్చేసి, మునుపటిలా జట్టులో గోల్‌కు ఎడమవైపు కాపు కాసే లెఫ్ట్ బ్యాక్‌గా ఆడుతూ ఈ ఇంట్లోనే ఉందామని ఉంది. బేస్‌మెంట్‌లో ఒక మంచం ఖాళీ అయింది. దాన్ని జనవరిలో దిగబోయే కొత్త స్టూడెంట్ ఒకడు అడుగుతున్నాడు. ఎవరికిచ్చేదీ ఈ రోజే తేలిపోతుంది.

"నేను అడిగితె బాగుండది. నువ్వు అడుగు," అన్నాడు ప్రజ్వల్ కాసేపటి క్రితం. "ముందుగాల లెఫ్ట్ బ్యాక్ ఎవరు ఆడుతున్నరో కనుక్కో. చోటు ఉంటెనే అడుగు. నేను మ్యూట్ పెట్టుకొని ఇంట."

"సరే అన్నా," అంది వాసవి. అప్పటికి రెండు ఆదివారాలుగా అలాగే అంటోంది.

రోహిత్ కుర్చీలో కూలబడ్డాడు. జట్టుకు కెప్టెన్, విజయవాడ మనిషి. ఇంటి లీజు కూడా అతని పేరు మీదే. "లెఫ్ట్ సైడ్ అంతా హైవే అయిపోయింది రా. ఎవడు పడితే వాడు వచ్చి గోల్ కొట్టి పోతున్నాడు."

"ప్రజ్వల్ అన్న ఉన్నప్పుడు ఇట్ల లేకుండె," అన్నాడు వంశీధర్. వరంగల్ కుర్రాడు, ముందు వరసలో ఆడతాడు.

వాసవి చేతిలో కత్తి ఆగింది. తను ఎలా ఎత్తాలా అని నలిగిపోతున్న మాట దానంతటదే వచ్చింది.

"మొదలెట్టాడు మహానుభావుడు," అంది కావ్యశ్రీ. రాజమండ్రి అమ్మాయి. ఆట ఆడదు కానీ ఒక్క మ్యాచ్ వదలదు. బెంచీ మీద కూర్చుని రెఫరీని తిట్టే బాధ్యత ఆమెది.

"నవ్వకు. మన టీమ్ల అండర్‌రేటెడ్ ప్లేయర్ ఎవరంటే ప్రజ్వల్ అన్ననే."

"అండర్‌రేటెడ్ అవ్వాలంటే ముందు ఎవడో ఒకడు రేట్ చెయ్యాలి కదరా!"

రోహిత్ పగలబడి నవ్వి, అంతలోనే సర్దుకున్నాడు. "ఏయ్, వాళ్ల చెల్లెలు ఇక్కడే ఉంది. వాసవీ, ఏమీ అనుకోకమ్మా, ఇది ఫుట్‌బాల్ గొడవ."

వాసవి ఏమీ అనుకోనన్నట్టు తల ఊపింది.

"గోల్ కొట్టినోన్ని అందరు వీడియో తీస్తరు," అన్నాడు వంశీధర్, వదిలిపెట్టకుండా. "బాల్ రాకముందే పోయి అడ్డం నిలబడ్డోన్ని ఎవరు తీస్తరు? ఆయన టాకిల్ చేసుడే తక్కువ. ఎందుకంటె ఆయన దిక్కు బాల్ రాకపోతుండె."

"బాల్ రాకపోతే అది ఆయన గొప్పా? అవతలోళ్లకి ఆ వైపు ఆడేవాడు లేడేమో!"

"ప్రతి మ్యాచ్‌లనా?"

"సెమీఫైనల్ మర్చిపోయావా మరి? ఆయన కాలికి తగిలేగా మన గోల్‌లోకి దూరింది."

"దానికి ముందు అదే కాలుతోని ఎన్ని ఆపిండు? అవి యాదికి లేవు మీకు. ఒక్కటి తగిలింది, అదొక్కటే యాదికుంది."

ఆ సెమీఫైనల్‌కు వాసవి కూడా వెళ్లింది. ఆట అయ్యాక అన్న ఎవరితోనూ మాట్లాడలేదు. అందరినీ వ్యాన్‌లో ఎక్కించుకుని, దారిలో దిగేవాళ్లను వాళ్ల వాళ్ల గుమ్మాల ముందు దింపి, ఇంటికొచ్చి మోకాలికి ఐసు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

రోహిత్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, ఒకటి ఒప్పుకుంటా. లైన్ పట్టుకుని నిలబడేవాడు. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో మన డిఫెన్స్‌లో తెలిసినవాడు ఆయనొక్కడే. ఇప్పుడున్న పిల్లాడు బాల్ ఎటు పోతే అటు పరిగెడతాడు, కోడిపిల్లలాగ."

"గదే నేననేది!"

వాసవి కత్తి పక్కన పెట్టింది. లెఫ్ట్ బ్యాక్ ఖాళీగానే ఉంది. కెప్టెన్ మెత్తబడ్డాడు. అడగాల్సిన క్షణం ఇదే. చున్నీతో చేతులు తుడుచుకుని, గొంతు కూడదీసుకుని, "మరి..." అంది.

ఆ ఒక్క మాట ఎవరికీ వినపడలేదు.

"ఎందుకురా ఇంత గింజుకుంటారు?" అంది కావ్యశ్రీ. "ప్రజ్వల్‌ని టీమ్‌లో ఎందుకు పెట్టుకున్నామో మనకి తెలీదా ఏంటి? ఈ చలిలో రెండు బస్సులు మారి ఆ షెడ్డుకి ఎవడు పోతాడు? ఏడుగురు పట్టే వ్యాన్ ఉన్నవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే వచ్చేవారం వస్తాడా?"

రోహిత్ చేతుల్లో మొహం దాచుకుని నవ్వాడు. "చెప్పేశావా! ఫస్ట్ మ్యాచ్‌కి ముందే అనుకున్నాం. స్టీరింగ్ ఎవడిదో లెఫ్ట్ బ్యాక్ వాడిదే అని."

వంశీధర్ బింకంగా ఉండబోయాడు కానీ వల్ల కాలేదు. "ఆ లెక్కన అండర్‌రేటెడ్ డ్రైవర్ అనాలె. అంత మంచుల ఒక్కసారి గూడ జారలే!"

బేస్‌మెంట్ దద్దరిల్లింది. వాసవి కూడా నవ్వింది. నవ్వు వచ్చి కాదు. నలుగురు నవ్వుతుంటే ఆమె ముఖం దానంతటదే నవ్వేస్తుంది. బడిలో తన కుట్లేసిన బ్యాగును చూసి పిల్లలు నవ్వినప్పుడు కూడా అందరికన్నా ముందు తనే నవ్వింది. ఈ రోజు అడగబోయి ఆపుకున్న గొంతంతా ఆ నవ్వులోంచి బయటికి వచ్చింది. గట్టిగానే వచ్చింది.

అప్పుడు ఆమె చూపు బియ్యం డబ్బా మీద పడింది.

నవ్వులు ఇంకా ఆగలేదు. వాసవి వెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకుంది. లైన్ అలాగే ఉంది.

"అన్న ఇంటుండు," అంది అందరివైపూ తిరిగి. "పొద్దటినుంచి లైన్ల ఉన్నడు."

ఎవరో కుర్చీ వెనక్కి జరిపారు. ముందుగా తేరుకున్నవాడు రోహిత్. ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని స్పీకర్ పెంచాడు. "ప్రజ్వల్! ఏంటి బ్రో ఇది, దొంగచాటుగా వింటున్నావా?"

అటువైపు మ్యూట్ పోయింది. హీటర్ హోరు వినిపించింది. "మస్తు టైంపాస్ అయింది రా," అన్నాడు ప్రజ్వల్.

"జోక్ బ్రో. సీరియస్‌గా తీసుకోకు."

"తెల్వదా నాకు."

"అన్నా, నువ్వు లేకపోతె లెఫ్ట్ సైడ్ మొత్తం పోయింది," అన్నాడు వంశీధర్ ఫోన్ దగ్గరికి వంగి.

రోహిత్‌కు లోపల ఏదో గుచ్చుకున్నట్టుంది. "నిజంగా అంటున్నా బ్రో, వచ్చెయ్. మంచం ఖాళీగానే ఉంది. ఇంకో పిల్లాడు అడిగాడు, వాడికి నో చెప్పేస్తా. నీ జెర్సీ కూడా ఎవరికీ ఇవ్వలేదు."

వాసవి ఫోన్‌కు దగ్గరగా జరిగింది. తను అడగలేకపోయింది వాళ్లే ఇచ్చేస్తున్నారు.

హోరు కొంచెం తగ్గింది, హీటర్ తగ్గించినట్టున్నాడు. "నిజంగనేనా?" అన్నాడు ప్రజ్వల్. ఆ గొంతులో నవ్వు లేదు.

"నిజంగానే."

"అంత దూరం వ్యాన్‌లోనే వస్తావా ఏంటి?" అంది కావ్యశ్రీ కూరలో ఉప్పు చూస్తూ. ఆ అమ్మాయి మామూలుగానే అడిగింది.

"వ్యాన్ అమ్మేసిన," అన్నాడు ప్రజ్వల్.

వాసవి ఫోన్ వైపు చూసింది. ఆ హోరు ఆ వ్యాన్‌దే. అతను ఇప్పుడు కూర్చున్నది అందులోనే.

"అయ్యో. ఎప్పుడు?"

"పోయిన నెల."

"మంచి బండి," అన్నాడు రోహిత్. అతను మెడ రుద్దుకున్నాడు. "సరే బ్రో, ఒక పని చేద్దాం. ఆ పిల్లాడికి కూడా కొంచెం మాటిచ్చినట్టే అయింది. ఓనర్‌తో ఓసారి మాట్లాడి నీకు చెప్తా. ఈ వారంలో."

"తొందరేం లేదు రా. చూడు."

ఒక్క మాట చాలు. 'అమ్మలేదు, అన్న అబద్ధం చెప్తున్నడు' అంటే మంచం అన్నకే దక్కుతుంది. మళ్లీ ఆదివారాలు వస్తాయి. వీళ్లందరినీ ఎక్కించుకుని అతను మంచులో బండి నడుపుతాడు, తనను ఎందుకు ఆడిస్తున్నారో తెలిసి కూడా. వాసవి నోరు తెరిచింది. మూసుకుంది. రోహిత్ చేతిలోంచి ఫోన్ తీసుకుని, స్పీకర్ ఆపి, మెట్లెక్కి మలుపులో కూర్చుంది.

"అట్ల ఎందుకు చెప్పినవ్ అన్నా?"

"ఊకనే. బండి కోసమే ఆడిస్తున్నరా అని నాకు గూడ డౌటుండె. ఎవల్ని అడగాలె?"

"వంశీ అన్న మంచిగనే చెప్పిండు నీ గురించి."

"ఇన్న. మంచిగ చెప్పిండు. నువ్వు నవ్వింది గూడ ఇన్న."

ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"తిడుతలేను చెల్లె. నువ్వు అంత గట్టిగ నవ్వంగ నేను ఎన్నడు ఇనలే. ఇంట్ల గూడ ఎన్నడు నవ్వలే అట్ల." అది నిజంగా అన్నాడో, బాధతో అన్నాడో ఆమెకు తెలియలేదు. అది నవ్వు కాదని చెప్పాలనుకుంది. మరి ఏమిటది అని అడిగితే చెప్పడానికి మాట లేదు. "ఇగ వాళ్లను ఏం అడగకు. ఈడనే ఉంట. షిఫ్టులు మళ్ల పెరుగుతయంటున్నరు," అని ప్రజ్వల్ ఫోన్ పెట్టేశాడు.

కింద పళ్లాలు సర్దుతున్నారు. కాసేపటికి వంశీధర్ ఒక పళ్లెంలో అన్నం, కూర పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. రెండు మెట్ల కింద ఆగాడు.

"మంచిగ ఆడేటోడు," అన్నాడు నెమ్మదిగా. "నేను అన్నది నిజమే. డిఫెన్స్‌ల అసుంటోడు లేడు."

"మరి నువ్వెందుకు నవ్వినవ్?" అంది వాసవి. ఈసారి ఆమె గొంతు స్పష్టంగానే వచ్చింది.

వంశీధర్ ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వో?" అన్నాడు.

ఆమె చేతిలోని ఫోన్‌ను బోర్లించి ఒళ్లో పెట్టుకుంది. అతను పళ్లెం మెట్టు మీద పెట్టి కిందికి దిగిపోయాడు.