కింది దండెం

మా ఇంట్లో బట్టలారేసే దండేలు రెండు. మెట్ల పక్కన, ఎండ బాగా తగిలేచోట, తలకంటే ఎత్తులో కట్టింది మా ఆయనది. ఇంటి వెనక, పులియబెట్టిన చేపల జాడీల పక్కన, మోకాలి ఎత్తులో ఉన్నది నాదీ మా అత్తదీ. ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే పాసిన్ మగవాడి తలకంటే ఎత్తులో వేలాడకూడదు. కాపురానికి వచ్చిన మొదటి వారం, వెనక ఎండ లేదని నా పాసిన్ తీసుకెళ్ళి పై దండెం మీద ఆరేశాను. అత్త దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు. వెదురుకర్రతో ఎత్తి మట్టిలో పడేసి, "వాడు దీని కిందనించి నడిస్తే మెడలో తాయెత్తుల మహిమంతా పోదూ? మీ అమ్మ నీకేం నేర్పలేదా?" అంది. మా అమ్మ నేర్పకేం, మా పుట్టింట్లోనూ ఒక కింది దండెం ఉండేది. నేను మట్టి దులుపుకుని, మళ్ళీ ఉతుక్కుని, వెనక్కి తీసుకెళ్ళాను. అలా ఇరవై నాలుగేళ్ళు నా బట్టలు నీడలోనే ఆరాయి.

కానీ ఒకటి చెప్పాలి. ఆ దండెం అంత కిందికి ఉండబట్టే మా కుక్కలకి ఇంత పేరొచ్చింది. మా మొదటి ఆడకుక్క ఈనే రోజున మా ఆయన ప్రయూన్ దానికోసం కొత్త చెక్కపెట్టె చేయించాడు, లోపల నీలం పట్టా పరిచాడు. అది ఆ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, నచ్చక, వెనక్కెళ్ళి నా పాసిన్ నోటితో లాక్కొచ్చి, స్తంభాల మీద నిలబెట్టిన మా ఇంటి కింద, ఒక స్తంభం మొదట్లో పరుచుకుని దాని మీద ఈనింది. ఆ గుడ్డ మీద పెరిగిన పిల్లలు నేను వస్తే కళ్ళు తెరవకముందే తలలెత్తేవి. అప్పుడే నాకు అర్థమైంది, వీటికి ముందు పనిచేసేది ముక్కు, ఆ తర్వాతే కళ్ళూ చెవులూ. బాంకేవ్ జాతి కుక్కంటే మా బాంగ్ రకమ్ ప్రాంతంలో అందరికీ భయమే. ఇంటివాళ్ళకి ప్రాణమిస్తుంది, బయటివాళ్ళ పిక్క పట్టుకుంటుంది. అలాంటి కుక్క పిల్లల్ని పదిమందిలో మసలేలా తయారుచేయడానికి నాకున్నది రెండు నెలలు. ఆ రెండు నెలలూ దాటితే ఎవరూ ఏమీ చేయలేరు.

మొన్న వానాకాలంలో ఆ మొదటి కుక్క మనవరాలు దావ్ అయిదు పిల్లల్ని పెట్టింది. మూడో వారానికే యోమ్ నది పొంగి ఇంటి కిందికి నీళ్ళొచ్చాయి, తల్లినీ పిల్లల్నీ పైకి, నా వంటింట్లోకి తెచ్చుకున్నాను. ఇక చూడండి. పొద్దున లేస్తే చెక్కల నేలంతా తుడవాలి, మళ్ళీ తుడవాలి. ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి కాలివేళ్ళు ఒకటొకటిగా నొక్కాలి, చెవులు తిప్పి చూడాలి, నోరు తెరిచి చిగుళ్ళ మీద వేలు రాయాలి. వాటి పక్కనే రోట్లో మిరపకాయలు నూరాలి, గొడుగు ఫట్‌మని తెరవాలి, పళ్ళేలు కింద పడేయాలి. పార్సిల్ తెచ్చేవాడు పడవలో వస్తే మా హెల్మెట్ తలకి పెట్టి కాసేపు కూర్చోమని బతిమాలాలి. బడి పిల్లల్ని ఇద్దరిద్దరిని పిలిచి, పరిగెత్తొద్దు, కూర్చోండి, అవే వస్తాయి అని చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యం గిన్నె. బాంకేవ్ తన గిన్నె జోలికి వస్తే ఊరుకోదు. అందుకని ప్రతి పూటా, అవి తింటుండగా, నా చేయి అన్నంలో పెడతాను. లాక్కోను. ఇంకో చేప ముక్క వేసి తీస్తాను. చేయి వచ్చిందంటే మేలే జరుగుతుందని వాటికి తెలియాలి. నా కుడిచేతి మీద ఏడు మచ్చలున్నాయి, అన్నీ మొదటి రెండు ఈతలవే. ఆ తర్వాత ఒక్కటి పడలేదు. నేను చెప్పుకోకపోతే ఎవరు చెప్తారు, ఈ పని నాకంటే బాగా చేసే మనిషి ఈ జిల్లాలో లేదు.

మా ఆయన దీన్ని పని అనడు. "నీకేం, పొద్దస్తమానం కుక్కపిల్లలతో ఆడుకోవడమేగా" అంటాడు. అత్తదైతే మరోమాట, "కన్నబిడ్డకైనా ఎవరైనా ఇంత చేస్తారా?" ఇంటి ముందు బోర్డు మీద ఆయన ఫొటో, 'ప్రయూన్ బాంకేవ్' అని ఎర్రక్షరాలు. జిల్లా సంతలో మైకు పట్టుకుని, బొజ్జ మీద చేయి వేసుకుని, "అంతా రక్తంలో ఉండాలండీ" అంటాడు. అప్పుడు నేను వెనకాల అయిదు తాళ్ళు పట్టుకుని నిలబడి ఉంటాను. ఆ అయిదూ మైకు గోలకి బెదరవు, చప్పట్లకి మొరగవు, ఎవరి చేయి వచ్చినా మూతి చాస్తాయి. వాటిని చూసి నా గుండె నిండిపోతుంది. ఇది రక్తం కాదు నాయనా, నా నడుము నొప్పి అని అనాలనిపిస్తుంది. అనను.

ఈ ఈతలో అన్నిటికంటే మేలైనది నిన్. రెండు కళ్ళ చుట్టూ నల్లమచ్చ, విసనకర్ర లాంటి తోక. తెల్లారి భిక్షువుల పడవ వచ్చి నేను మెట్ల మీద కూర్చుని అన్నం సమర్పిస్తుంటే, మిగతా నాలుగూ కాషాయం చూసి గుర్రుమన్న రోజున కూడా అది నా పక్కన చక్కగా కూర్చుంది. పెద్ద భిక్షువు నవ్వి వెళ్ళాడు. నీళ్ళు తీసి నేల ఆరేసరికి పిల్లలకి పది వారాలొచ్చాయి, ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. వెళ్ళే ప్రతి పిల్లకీ నేను అప్పటిదాకా కట్టుకున్న పాసిన్ నుంచి జానెడు ముక్క చించి, ఉతక్కుండా బుట్టలో పెడతాను. కొత్తింట్లో మొదటి వారం దానికి అదే తల్లి. ఆఖరున నిన్ మిగిలింది. దాన్ని పక్క జిల్లానుంచి కమ్నన్ వినై కొనుక్కున్నాడు. కమ్నన్ అంటే పది ఊళ్ళకి పెద్ద. నలుగురు మనుషులతో ట్రక్కులో వచ్చాడు, మెడలో తొమ్మిది తాయెత్తులు. నేను వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, నిన్ చెవిలో చెప్పాల్సింది చెప్పి, బుట్టలో ముక్క పెట్టి, కళ్ళు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళాను.

నాలుగో రోజు మా ఆయనకి ఫోనొచ్చింది. కమ్నన్ గొంతు వంటింటిదాకా వినిపించింది. "నీ కుక్క తిండి ముట్టట్లేదయ్యా. ట్రక్కు కింద దూరింది, బయటికి రాదు. గిన్నె తోస్తే నా చెయ్యి కరిచింది. ఆదివారం దాకా చూస్తా. దారికి రాలేదో, గుడి దగ్గర దింపేస్తా. తర్వాత నన్నేం అనొద్దు." గుడి దగ్గర అంటే మాకు తెలుసు. అక్కడ ముప్పై కుక్కల మంద ఉంటుంది, పది వారాల పిల్లని ఒక్కరోజు కూడా బతకనివ్వవు. నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నిన్ కరవడమేమిటి? నా చేయి ఎన్నిసార్లు దాని గిన్నెలోకి వెళ్ళిందో నాకు తెలుసు.

"బుట్టలో నా గుడ్డ ఉంది కదా?" అని అడిగాను. ఆయన ఫోను చొక్కాతో తుడుస్తూ నిలబడ్డాడు. తర్వాత వెనకనుంచి అత్త చెప్పింది, తనే తీయించిందట. అంతటి మనిషి ఇంటికి, అన్ని తాయెత్తులున్న మనిషి చేతికి ఆడదాని పాసిన్ ముక్క పంపితే పరువేం కావాలి అంది. దాని బదులు మా ఆయన తన సంత చొక్కా వేశాడట, వీపు మీద పేరు కుట్టించుకున్నది.

"నా వాసన మాత్రం దానికి తెలీదా? యజమానిని నేను" అన్నాడు.

"దాన్ని ఎన్నిసార్లు ఎత్తుకున్నావ్?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "ఫొటో తీయించుకున్నప్పుడు" అన్నాడు.

నాకు కోపం రావాల్సింది. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆ పిల్ల నాలుగు రోజులుగా ముక్కు కింద ఎవరిదో తెలియని చొక్కా పెట్టుకుని, నేనెక్కడున్నానో వెతుక్కుంటోంది. ఆయన తనొక్కడే వెళ్ళి మాట్లాడొస్తానన్నాడు, మగవాళ్ళ మధ్య తేలే వ్యవహారం అన్నాడు. నేను మూడు రోజులుగా కట్టుకుంటున్న పాసిన్ మార్చుకోకుండానే వెళ్ళి మోటార్ సైకిల్ వెనక కూర్చున్నాను. దిగమని అత్తా అనలేదు, ఆయనా అనలేదు.

కమ్నన్ వాకిట్లో ట్రక్కు కింద, వెనక చక్రం దగ్గర, రెండు నల్లమచ్చలు కనిపించాయి. చిక్కిపోయింది. మా ఆయన ముందుకెళ్ళి వంగి, సంతలో పిలిచే గొంతుతో "నిన్, రా రా" అన్నాడు. అది పళ్ళు చూపించింది. నలుగురు మనుషులూ చూస్తున్నారు, కమ్నన్ చేతికి కట్టు. మా ఆయన ముఖం చూస్తే జాలేసింది కానీ ఇప్పుడు దానికి సమయం లేదు. నేను కమ్నన్ భార్య పయోమ్‌ని, "అక్కా, మీ రోలూ బండా ఒకసారి ఇస్తారా?" అని అడిగాను. ఆమె ఎందుకని అడక్కుండా తెచ్చిచ్చింది. నేను నేల మీద, ట్రక్కుకి పక్కగా, నిన్ వైపు చూడకుండా కూర్చుని బండతో రోటి అంచు మీద మూడుసార్లు కొట్టాను. మా ఇంట్లో అన్నం వేళకి నేను పిలిచేది అలాగే. ఇంకో మూడు కొట్టేలోగా నా మోచేతి కింద తడి ముక్కు తగిలింది. పొట్ట నేలకి రాసుకుంటూ వచ్చి, నా ఒళ్ళోకెక్కి, పాసిన్ మడతల్లో తల దూర్చి మూలిగింది. నేను దాని చెవులు నిమురుతూ కూర్చున్నాను.

గిన్నె తెప్పించాను. అది ఆబగా తింటుంటే నా చేయి అందులో పెట్టాను, చేప ముక్క వేసి తీశాను. రెండోసారి, "కమ్నన్ గారూ, మీ చెయ్యి నా చేతి మీద పెట్టండి" అన్నాను. ఆయన కట్టు లేని చేయి పెట్టాడు. రెండు చేతులూ కలిసి అన్నంలోకి వెళ్ళాయి. నిన్ ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ తినడంలో పడింది.

"ఎవరు నేర్పారు దీనికి?" అన్నాడు కమ్నన్, మా ఆయన్ని చూస్తూ.

మా ఆయన నోరు తెరిచాడు. రక్తం అంటాడేమోనని నేనే ముందు చెప్పాను. "నేనే. ఆయన బోర్డు రాయిస్తాడు."

పయోమ్ అక్క నవ్వాపుకోలేక అరచేత్తో నోరు మూసుకుంది. నేను నా పాసిన్ అంచు పళ్ళతో పట్టి జానెడు చించి కమ్నన్‌కి అందించాను. ఇది దాని పక్కలో వేయండి, వారం రోజులు మీ ఒంటి మీద కూడా ఉంచుకోండి, అప్పుడు మీ వాసనా నా వాసనా దానికి ఒకటవుతాయి అని చెప్పాను. మా ఆయన కళ్ళు దించుకున్నాడు. కమ్నన్ ఆ గుడ్డని రెండు ముక్కలు చేశాడు. ఒకటి నిన్ పక్కన పెట్టి, రెండోది తన మణికట్టుకి చుట్టుకుని, ముడి వేయమని భార్యకి చేయి చాచాడు. "మా అమ్మ పాసిన్ అంచు ముప్పై ఏళ్ళుగా మెడలో ఉంది, నేను సైన్యంలో సరిహద్దుకి పోయేప్పుడు కట్టింది. దీంతో నా తాయెత్తులకి కొత్తగా తగ్గేదేముంది?" అన్నాడు, అదేదో మామూలు మాటన్నట్టు.

తిరిగి వస్తూ దారంతా నా కళ్ళు మా ఆయన మెడ మీదే ఉన్నాయి. గొలుసుకి వెనకవైపు, తాయెత్తుల మధ్య, చిటికెనవేలంత గుడ్డచుట్ట ఒకటి వేలాడుతూ ఉంటుంది. కుర్రాళ్ళని చీటీలు తీయించి సైన్యానికి ఎంచుకునే రోజున అత్త తన పాసిన్ అంచు చింపి కట్టింది. ఆయన చేతికి నల్ల చీటీ వచ్చింది, సైన్యానికి పోకుండా బతికిపోయాడు. పెళ్ళైన కొత్తలో ఆయనే ఈ కథ మురిపెంగా చెప్పాడు. ఇరవై నాలుగేళ్ళు ఆ చుట్టని పక్కన పెట్టి ఆయన వీపు రుద్దాను, జ్వరమొస్తే దాన్ని తొలగించి మెడ తుడిచాను. ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. తట్టనందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున బట్టలుతికి, అంచు చిరిగిన ఆ పాసిన్‌ని పై దండెం మీద నడిమధ్య ఆరేశాను. ఆయన చొక్కాలన్నీ తీసుకెళ్ళి కింది దండెం మీద వేశాను. వచ్చే ఈతకి దావ్ వాటినే లాక్కెళ్ళాలి, పిల్లలకి ఆయన వాసన కూడా తెలియాలి. గిన్నెలో చేయి కూడా ఈసారి ఆయనే పెడతాడు. ఆ మాట ఆయనతో రాత్రి అన్నం దగ్గరే చెప్పాను, తలూపాడు. ఇప్పుడు మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ దండెం వంక చూశాడు, మళ్ళీ కప్పులోకి చూశాడు.

అత్త వెదురుకర్ర పట్టుకుని వచ్చింది. అదే కర్ర.

"కర్ర దించు అత్తా" అన్నాను. "నీ కొడుకు మెడలో ఇన్నేళ్ళుగా వేలాడుతున్నది నీ పాసిన్ ముక్కేగా. అమ్మదైతే రక్ష, పెళ్ళాందైతే మైలా?"

అత్త కొడుకు మెడ వైపు చూసింది. తర్వాత ఇంటి వెనక్కి, జాడీల వైపు చూసింది. అక్కడ యాభై ఏళ్ళుగా తన బట్టలు కూడా ఆరుతున్నాయని ఆ క్షణంలో నాకూ గుర్తొచ్చింది. తడి బరువుకి ముడి వదులై, దండెం నడుమ బాగా కిందికి జారి నా పాసిన్ అంచు నేలకి తగలబోతోంది. అత్త ముందుకొచ్చింది. ఆ కర్రని దండెం కింద ఆనించి, రెండు చేతులతో పైకెత్తి నిలబెట్టింది.

"మట్టి అంటుకుంటుంది. అలా ఆరేస్తారా ఎవరైనా" అని సణుక్కుంటూ లోపలికెళ్ళి, తన తడి పాసిన్ తెచ్చి నా చేతికిచ్చింది.