మూడో క్యూబు

ల్యాబులో అక్క ఉద్యోగం పగలగొట్టడమే. అచ్చుల్లో పోసిన కాంక్రీటు గట్టిపడ్డాక, ఆ క్యూబులను ప్రెస్సులో పెట్టి, ఎంత బరువుకు పగిలాయో రాస్తుంది. వేలకొద్దీ పగలగొట్టిన చేతులు ఆ ఉదయం ఒక్కదాని దగ్గర మొరాయించాయి.

అది తమ్ముడు పోసింది. సున్నపురాయిని కాల్చే సిమెంటు భట్టీ ముందు పదేళ్లు మాడి వచ్చినవాడు. "రాయిని కాల్చకుండా రాయి చెయ్యాలక్కా" అంటూ చెవిలో జోరీగలా పోరి, బొగ్గు బూడిద, ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం, క్షార ద్రావణం కలిపాడు. పిడికెడు సిమెంటు కూడా వెయ్యలేదు. పోసిన ప్రతిదాని మూలలో బొటనవేలు నొక్కడం వాడి పాడు అలవాటు. అక్క తిట్టిపోస్తూ తాపీతో చదును చేసేది. ఆ మిశ్రమంతో వాడు పోసిన మూడు క్యూబుల్లో రెండు అలాగే చదును చేసింది. ఆమె అటు తిరగగానే మూడోదాని మీద మళ్లీ నొక్కేశాడు. నాలుగో రోజున గుండె ఆగి పోయాడు.

వాడు ల్యాబు వదల్లేదని అక్క నమ్మకం. ఖాళీ అచ్చులు టకటకలాడితే "ఉండరా, వస్తున్నా" అనేసేది.

పోసిన ఏడాదికి చేసే పరీక్షలో మూడూ పగలాలి, అదీ చాలినంత బరువు మోశాకే. రెండు నెగ్గాయి. మూడోదీ నెగ్గితేనే ఆ మిశ్రమంతో బడి గోడలు లేస్తాయి. లేదంటే వాడి కష్టమంతా మట్టిపాలే.

"కావాలంటే రేపు చూద్దామమ్మా" అన్నాడు పరీక్ష చూడ్డానికి వచ్చిన ఇంజనీరు. "మూడోది లేకుండా మాత్రం సంతకం పెట్టలేను."

"రేపైనా ఈ చేతులే కదండీ."

గుండె రాయి చేసుకుని మీట నొక్కింది. ముల్లు ఎక్కుతూనే పోయింది. మొండిఘటం, ఒక పట్టాన లొంగలేదు. చివరికి ఫట్మంది. వేలిముద్ర ఉన్న మూల పిండిపిండైంది.

"నెగ్గింది" అని ఇంజనీరు సంతకం పెట్టాడు. అక్క ఆ పొడిని గుప్పిట పట్టుకుని ఏడ్చింది. వాడు రెండోసారి పోయినట్టనిపించింది.

కళ్లు తుడుచుకుని పక్క గది తాళం తీసింది. పొద్దున్న ఆ గదిలో మూడు అచ్చులు తనే పోసి, తనే చదును చేసి, తాళం వేసుకుని వచ్చింది. రెండు చదునుగానే ఉన్నాయి. మూడోదాని మూల బొటనవేలి గుంట ఉంది, ఇంకా తడిగా.

అక్క దాని మీదికి వంగింది.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు" అంది. అలవాటుగా తాపీ చేతిలోకి తీసుకుంది. మళ్లీ బల్ల మీద పెట్టేసింది.