షూరికి పెట్టని మొదటి ముక్క

భార్య కట్టలిన్ పోయిన ఏడాది గానిష్ ఇరిబార్నె ఎవరితోనూ నిండుగా రెండు మాటలు మాట్లాడలేదు. అలాంటి మనిషి ఆ చలికాలంలో ఒక కుక్కపిల్లతో పొద్దస్తమానం కబుర్లు మొదలుపెట్టాడు. కూతురు మద్దలేన్ వంటింటి కిటికీలోంచి చూసి, పోనీలే, ఏదో ఒకదానితో మాట్లాడుతున్నాడు కదా అని ఊరుకుంది. తప్పు అక్కడే జరిగింది.

ఆ కుక్కపిల్ల కబుర్లకు తెచ్చింది కాదు. గానిష్ తాతలు ఏ కొండల్లోంచి గొర్రెలు కాసుకుంటూ అమెరికాలోని నెవాడాకి వచ్చారో, ఆ కొండల జాతి కుక్క అది. తెల్లగా, బొద్దుగా ఉంటుంది, ఎదిగాక దూడంత అవుతుంది. దాని పని ఒక్కటే, గొర్రెల మధ్య పడుకోవడం, గొర్రెల్ని పట్టే కొయోటీ వాసన తగిలితే లేచి కొండ అదిరేలా మొరగడం. అందుకని కళ్ళు తెరిచిన కొత్తలోనే దాన్ని గొర్రెల దొడ్లో వేస్తారు. తిండి పెట్టి వచ్చేయాలి తప్ప నిమరకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, ఇంట్లోకి అసలే రానివ్వకూడదు. అది గొర్రెల్నే తన వాళ్ళనుకోవాలి. ఈ నియమం ఎల్కో ఊరి చుట్టుపక్కల వాళ్ళందరికీ నూరిపోసింది ఎవరనుకున్నారు? గానిష్షే. మందకుక్క తల మీద చెయ్యి వేశారని చర్చి పాదిరిగారిని కూడా కసిరిన ఘనుడు ఆయన.

ఇప్పుడా ఘనుడి మంచం కింద, షూరి అని ఆయనే పేరు పెట్టిన ఆ కుక్కపిల్ల పడుకుంటోంది. ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు.

"నాన్నా, అది దొడ్లో ఉండాలి కదా?" అంది మద్దలేన్ ఒకసారి.

"చలిగా ఉందే అమ్మాయీ."

"గొర్రెలకి లేదా చలి?"

"వాటికి ఉన్నిచొక్కా ఉంది," అన్నాడు ముసలాయన. కుక్కపిల్లకి ఒంటి నిండా అంతకంటే మందం బొచ్చు ఉందన్న సంగతి ఇద్దరూ చూశారు, ఇద్దరూ అనలేదు.

అక్కడి గొర్రెల వాళ్ళకి దేవుడితో పేచీ లేదు, గవర్నమెంటుతో కొంచెం ఉంది, కొయోటీతో నిండా ఉంది. నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది, తెలివిలో ఆ రెండింటినీ సంతలో అమ్ముకొచ్చేది. వయసులో ఉండగా గానిష్ వాటికి బోనులు పెట్టాడు, ఉచ్చులు పన్నాడు, తుపాకి భుజాన్నించి దించలేదు. ఆ లోయలో ఆయన చంపినన్ని ఎవరూ చంపలేదని అంటారు. చంపగా చంపగా ఆయనకి ఒక సంగతి తలకెక్కింది. కాపురమున్న జంటని కొడితే ఆ చోటు ఖాళీగా ఉండదు. ఎక్కడెక్కడి కుర్రకుంకలో వచ్చి దిగుతాయి. వాటికి కుందేలుని పట్టే నేర్పు ఉండదు, గొర్రెపిల్లని పట్టడానికి నేర్పు అక్కర్లేదు. పైగా చావు ఎక్కువైన చోట అవి పిల్లల్ని కూడా ఎక్కువ పెడతాయి. అప్పట్నించీ ఆయన తుపాకి గోడకి తగిలించి, మనసంతా కుక్కల మీద పెట్టాడు.

ఇంటి వెనక కొండ మీద అలాంటి కాపురమే ఒకటుంది. ఆడదానికి ఒక చెవి చిరిగి ఉంటుంది. గానిష్ దాన్ని "పక్కింటావిడ" అంటాడు. పక్కింటావిడ నేల ఉడతల్నీ, ఎలుకల్నీ, కుందేళ్ళనీ తిని బతుకుతుంది. ఆయన గొర్రెని ఎన్నడూ ముట్టలేదు, పరాయి కొయోటీని తన హద్దు దాటి రానివ్వలేదు. "జీతం లేని పాలేరు," అనేవాడు ఆయన, కట్టలిన్ బతికున్న రోజుల్లో, నవ్వుతూ.

మే నెల వచ్చింది. వాలు మీద గొర్రెలు ఈనడం మొదలైంది. షూరి ఏడాదికి దగ్గరపడి, ఒళ్ళు పెరిగి బుద్ధి పెరగని వయసులో ఉంది. మద్దలేన్ పట్టుబట్టి దాన్ని మందలోకి తోలింది. ముసలాయన వెళ్ళి రోజూ చూసొస్తున్నాడు.

ఒక ఉదయం ఆయన మొహం వాడిపోయి వచ్చాడు. "ఒక పిల్ల పోయింది," అన్నాడు.

"ఏమైంది?"

"కొయోటీ."

"పక్కింటావిడా?" మద్దలేన్‌కి నమ్మకం కుదరలేదు.

"మరింకెవరు? దానికీ పిల్లలున్నాయిగా కన్నంలో. ఆకలి ఎవర్నైనా మారుస్తుంది." పారకి అంటిన మట్టి దులుపుకుంటున్నాడు. చచ్చిన పిల్లని అప్పుడే పూడ్చేశాడట. ఆ వారంలో ఇంకో రెండు పిల్లలు పోయాయి. రెండుసార్లూ కూతురికంటే ముందు ఆయనే చూశాడు, రెండుసార్లూ ఆయనే పూడ్చాడు.

శనివారం పొరుగున ఆవుల మందలు పెంచే ఓరిన్ టక్కర్ వచ్చాడు. వసంతంలో విమానం తెప్పించి పైనుంచి కొయోటీల్ని కాల్పించాలని అతని పట్టు. ఏటా అడిగేవాడు, ఏటా గానిష్ "నా కొండ మీదికి వద్దు" అనేవాడు.

"ఇప్పుడేమంటావు గానిష్? పక్కింటావిడ నీ పిల్లల్నే మింగిందటగా. చుట్టరికం బాగా కలిసొచ్చింది!"

గానిష్ తల ఎత్తకుండా, "కానివ్వు," అన్నాడు.

"అయితే సోమవారం పొద్దున్నే పెట్టించేస్తా. కన్నంతో సహా సఫా." ఓరిన్ సంబరంగా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇంత తేలిగ్గా పని అవుతుందని అతను అనుకోలేదు. మద్దలేన్ కూడా అనుకోలేదు.

గానిష్ ఇంట్లో శనివారం రొట్టె కాలుస్తారు. ఇనప కుండలో పిండి పెట్టి, గోతిలో నిప్పుల మధ్య పూడ్చి కాల్చే రొట్టె. కత్తి మొనతో దాని మీద శిలువ గీసి, మొదటి ముక్క కోసి కుక్కకి పెట్టాకే మనుషులు తింటారు. కొండల మీద నెలల తరబడి ఒంటరిగా మంద కాసిన వాళ్ళు పెట్టుకున్న ఆనవాయితీ అది. మంద ఉన్నది కుక్క వల్ల, రొట్టె ఉన్నది మంద వల్ల. గొర్రె నెత్తురు ముట్టిన కుక్కకి మాత్రం ఆ ముక్క లేదు. ఆ కుక్కకి తరవాత ఏ ముక్కా ఉండదు, తుపాకి గుండు తప్ప.

గానిష్ రొట్టె మీద శిలువ గీశాడు. ముక్క కోశాడు. వాసనకి మందలోంచి పరిగెత్తుకొచ్చిన షూరి గుమ్మం దగ్గర తోక ఊపుతూ కూర్చుంది. ఆయన చెయ్యి దాని వైపు సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ ముక్కని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, కుక్కకి పెట్టవా?" అన్నాడు ఓరిన్.

"దానికి కడుపు బాలేదు."

ఓరిన్ నమ్మి, రెండో ముక్క తీసుకున్నాడు. మద్దలేన్ నమ్మలేదు. తండ్రి పొరుగువాడికి అబద్ధం చెప్పగలడు, కన్న కూతురికీ చెప్పగలడు. రొట్టె దగ్గర మాత్రం చెప్పలేకపోయాడు. ఆమె చేతిలో ముక్క బల్ల మీద పెట్టేసింది. లేచి, పార తీసుకుని వాలు మీదికి వెళ్ళింది.

కడసారి పూడ్చిన పిల్ల ఇంకా చెడలేదు. మద్దలేన్ దాని మెడ దగ్గర తోలు వొలిచి చూసింది. కొయోటీ అయితే గొంతు కింద పళ్ళు దిగిన గుంటలుంటాయి, లోపల నెత్తురు గడ్డకట్టి ఉంటుంది. అలాంటిదేమీ లేదు. చెవులు చప్పరించి నమిలినట్టున్నాయి, కాళ్ళు కమిలిపోయాయి, వీపు మీది ఉన్ని చొంగ ఎండి అట్టకట్టింది. తినడానికి చంపిన చావు కాదది. ఆడుకుంటూ ఆడుకుంటూ అలిసిపోయేదాకా తరిమిన చావు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నది ఇక్కడ పిల్లీ ఎలుకా లేకుండానే జరిగిపోయింది. గొర్రెలతో పెరగని కుక్కకి గొర్రెపిల్ల అంటే పరిగెత్తే ఆటబొమ్మ, అంతే. ఈ గుర్తులు చదవడం ఆమెకి నేర్పింది తండ్రే. మొదటి రోజే ఆయనకి తెలుసన్నమాట.

ఆమె తిరిగొచ్చేసరికి ఓరిన్ వెళ్ళిపోయాడు. గానిష్ కొట్టం వెనక గడ్డిమోపు మీద కూర్చున్నాడు. షూరి ఆయన మోకాలి మీద గడ్డం ఆనించుకుని ఉంది. కూతురి చేతిలో పార ఆయన కంటబడింది.

"చూశావా?" అన్నాడు.

"చూశా."

"తుపాకి గోడకే ఉంది. నాకు చూపు సరిగ్గా ఆనదు. నువ్వే కానియ్."

"సోమవారం విమానం నుంచి కాల్చేది ఎవర్ని నాన్నా? నీకు జీతం లేని పాలేరుని. కన్నంలో కళ్ళు తెరవని పిల్లలున్నాయి. దీని నేరం దాని నెత్తిన రుద్దావు!"

"రుద్దాను." గానిష్ షూరి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. "ఏం చెయ్యమంటావే? మీ అమ్మ పోయాక పొద్దున్నే ఎందుకు లేవాలో నాకు తెలిసేది కాదు. ఇదొచ్చాక తెలిసింది. దీనికి తిండి పెట్టాలి, అందుకు లేచేవాణ్ణి. కొండ మీది దానితో నాకంత లేదుగా."

మద్దలేన్‌కి కోపం సగంలో విరిగిపోయింది. ఇన్ని నెలల్లో ఆయన నోట అమ్మ మాట రావడం ఇదే. పార కింద పడేసి పక్కన కూర్చుంది. తండ్రి మీద జాలేసింది, అంతకు మించి తన మీద తనకి కోపం వచ్చింది. ఆయన కుక్కతో మాట్లాడుతున్నాడని సంతోషించిందే తప్ప, తనతో ఎందుకు మాట్లాడటం లేదని ఒక్కనాడూ వెళ్ళి పక్కన కూర్చోలేదు.

మద్దలేన్ అడిగింది. "మంద ఎవరిది నాన్నా?"

"మీ అమ్మ పోయిన నాడే నీకిచ్చేశాగా."

"అయితే రూలు కూడా నాదే. దీన్ని చంపను. గయ్యాళిది ఉందిగా, దానితో కలిపి చిన్న దొడ్లో వేస్తా."

గయ్యాళిది అంటే ఆ మందలోకెల్లా ముసలి గొర్రె. మనుషుల్ని కూడా తలతో కుమ్మి పడేసేది. గానిష్ మొహంలో ఎన్నాళ్ళకో ఒక మెరుపు వచ్చింది. "పక్కటెముకలు విరగ్గొడుతుంది దీన్ని."

"విరగ్గొట్టనీ. బుద్ధొస్తుంది. కానీ రెండు షరతులు. నువ్వు దీన్ని ముట్టుకోకూడదు. పిలవకూడదు. అది గొర్రెలది అయ్యేదాకా."

"అయ్యాక?"

"అయ్యాక అసలే కూడదు. ఆ సంగతి నువ్వే చెప్పేవాడివి."

ముసలాయన షూరి చెవి ఒకసారి వేళ్ళతో సవరించి చెయ్యి తీసేశాడు. "రెండోది?"

"ఓరిన్‌కి నిజం నువ్వే చెప్పాలి."

ఇది మొదటిదానికంటే కష్టం. నా కుక్క నా గొర్రెల్ని చంపిందని చెప్పుకోవడం కంటే ఆ లోయలో పెద్ద తలవంపు లేదు. ఇకమీదట ఎవరి గొర్రె చచ్చినా వేలు గానిష్ వాకిలి వైపే చూపిస్తారు. అయినా ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి మెట్ల మీద నలుగురూ ఉండగా, ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని చెప్పాడు. కుక్కని తనే ముద్దు చేసి చెడగొట్టానని కూడా చెప్పాడు.

ఓరిన్ పగలబడి నవ్వాడు. "మాకు పాఠాలు చెప్పి చెప్పి, నువ్వు పరుపు మీద పడుకోబెట్టావా?"

"పరుపు మీద కాదు, మంచం కింద," అన్నాడు గానిష్ నిజాయితీగా. నవ్వు ఇంకా పెరిగింది. అందులో పాదిరిగారి నవ్వే అన్నిటికంటే పెద్దగా వినిపించింది. ఆ నవ్వులన్నీ ఆయన నిలబడి భరించాడు. "నా కొండ మీదికి మాత్రం విమానం రాకూడదు," అని చెప్పి టోపీ పెట్టుకున్నాడు.

సోమవారం విమానం ఓరిన్ వైపు మాత్రమే చక్కర్లు కొట్టి వెళ్ళిపోయింది. వేసవి సగం గడిచేసరికి అటు వైపు ఎవరూ ఎరగని కుర్ర కొయోటీలు దిగి దూడల చుట్టూ తిరుగుతున్నాయని విన్నారు. ఇటు కొండ మీద పక్కింటావిడ పిల్లల్ని ఎండలోకి తెచ్చి ఎలుకల్ని పట్టడం నేర్పుతోంది.

చిన్న దొడ్లో గయ్యాళిది తన పని తాను చేసింది. షూరి ఆటకి వెళ్ళినప్పుడల్లా కుమ్మి గోడకి కొట్టింది. మొదట్లో షూరి తడికె సందులోంచి మూతి పెట్టి ముసలాయన కోసం ఏడ్చేది. ఆ ఏడుపు వినలేక ఆయన అవతల వాగు దాకా నడిచి వెళ్ళిపోయేవాడు. చేతులు ఊరుకోవని రెండూ జేబుల్లో పెట్టుకునేవాడు. కబుర్లు చెప్పడానికి కుక్క లేకపోయేసరికి, వేరే దిక్కు లేక కూతురికి చెప్పడం మొదలుపెట్టాడు. కట్టలిన్ పెళ్ళికి ముందు తనని రెండుసార్లు కాదన్న కథ మద్దలేన్ ఆ వేసవిలోనే మొదటిసారి విన్నది. కాదనడం ఎందుకో కూడా చెప్పాడు, తన కాళ్ళకి గొర్రెల కంపట.

నెమ్మదిగా షూరి గయ్యాళిదాని పక్కన ముడుచుకుని పడుకోవడం నేర్చుకుంది. అప్పుడు మద్దలేన్ రెంటినీ పెద్ద మందతో కలిపి పైకొండ మేతకి తోలింది.

ఆకులు పసుపెక్కే రోజుల్లో మంద కిందికి దిగొచ్చింది. గానిష్ తెల్లారకముందే గడ్డం గీసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. దుమ్ము రేపుకుంటూ గొర్రెలు వస్తున్నాయి. వాటి పక్కన దూడంత తెల్లకుక్క, తల వంచి, ఎటో కొండ వైపు చెవులు నిక్కించి, తొందర లేకుండా నడుస్తోంది. ఆ ఏడాది గొర్రెపిల్లలు దాని కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. అది అడుగు ఆపి, వాటిని దాటనిచ్చి, మళ్ళీ నడుస్తోంది.

గేటు దగ్గరికి వచ్చేసరికి ముసలాయనకీ దానికీ మధ్య జానెడు దూరం. ఆయన చెయ్యి జేబులోంచి సగం బయటికొచ్చింది. షూరి ముక్కు ఒకసారి గాలిలో కదిలింది. ఆగలేదు. గొర్రెల వెంట లోపలికి వెళ్ళిపోయింది.

గానిష్ ఆ తెల్లటి వీపు వైపే చూస్తూ నిలబడ్డాడు.

"వెనక్కి కూడా చూడలేదే అమ్మాయీ."

"చూడకూడదుగా నాన్నా."

"చూడకూడదు," అన్నాడు ఆయన. "చూసుంటే తిట్టేవాణ్ణి." కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి, అప్పుడే గీసుకున్న గడ్డం మీదికి దిగాయి. తుడుచుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. "మంచి కుక్క అయింది. చాలా మంచి కుక్క."

మద్దలేన్ ఆయన చెయ్యి పట్టుకుంది. గొర్రెలన్నీ లోపలికి వెళ్ళేదాకా ఇద్దరూ గేటు తెరిచి పట్టుకుని నిలబడ్డారు.