బండి బొడ్డుకు నూనె

అంత ముఖ్యమైతే ఎత్తొచ్చుగా, అనుకుంది సంతోషకుమారి, మీ కాల్ మాకెంతో ముఖ్యమైనది, దయచేసి లైన్లో ఉండండి అని ఫోన్లో ఆ ఆడగొంతు మళ్ళీ చెప్పగానే, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఇంటి ముందు రేకుల షెడ్డు కింద కారు పక్కన గొంతుక్కూర్చుని, చార్జింగు పెట్టే చోటి మూత తెరిచి పట్టుకుని, లోపల కనిపిస్తున్నదాన్ని రాత్రి నుంచి ఎన్నిసార్లు చూసినా నమ్మబుద్ధి కాక మళ్ళీ చూస్తూ, సాకెట్టు రంధ్రాల చుట్టూ ఎర్రగా, జిడ్డుగా, రోట్లో నూరి వేలితో మెత్తినట్టు, ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు కొబ్బరినూనె వాసన, వెనకాలే కారం ఘాటు, ఒక తుమ్ము, ఇదేం చోద్యమమ్మా, ఏది కరెంటును పోనిస్తుంది, ఏది పోనివ్వదు అని తొమ్మిదో తరగతి పిల్లలకు బల్ల గుద్ది చెప్పే సైన్సు టీచరు కారులో నూనె పోసి కలిపిన పండుమిరప పచ్చడి, పిల్లలకు తెలిస్తే ఇంకేమైనా ఉందా.

ఏడాది సర్వీసుకు రోజు కుదుర్చుకోవడమంటే నిజానికి ఏముంది, పాలవాడికి రేపు పాలు వద్దని చెప్పినంత పని, చేద్దాం చేద్దామనుకుంటూ పదో తరగతి వాళ్ళ స్పెషల్ క్లాసుల్లో పడి ఈ రెండో శనివారం దాకా ఈడ్చింది, వచ్చే బుధవారంతో కారు కొని ఏడాది, ఆలోగా కంపెనీ వాళ్ళ దగ్గరే సర్వీసు జరగాలి, బయటివాళ్ళ చెయ్యి పడకూడదు, పై పదార్థాలేవీ పోయకూడదు, అప్పుడే బ్యాటరీకి వారంటీ నిలుస్తుంది, బ్యాటరీ పోతే కారు పోయినట్టే మేడం అని గుంటూరు షోరూములో ఆ కుర్రాడు ఒక్కో షరతూ చదివి వినిపించి, సార్ వస్తే సంతకం పెట్టించుకుంటాం అన్నాడు, సారు రారు, జీతం నాది, లైసెన్సు నాది, సంతకమూ నాదే అని అతని జేబులో పెన్నే అందుకుని సంతకం చేసింది తను, ఆ పొడవాటి సంతకంలో కుమారి చివర సున్నా చుట్టినట్టు ఒక మెలిక కూడా తిప్పింది, ఆ రోజు గుంటూరు నుంచి తనే నడుపుకుంటూ, చీమకుర్తి రాళ్ళ లారీల పక్కన, ఇంటికప్పంత ఎత్తున పత్తి బోరాలు కట్టుకుపోయే ట్రాక్టర్ల పక్కనుంచి ఊళ్ళోకి వచ్చి చర్చి ముందు ఆపింది, కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది, అయ్యగారు బానెట్టు మీద చెయ్యి ఆనించి ఈ బిడ్డ రాకపోకల్లో తోడుండు ప్రభువా అన్నారు, పేటలో మొదటి కారు, అదీ ఒక ఆడమనిషి పేరు మీద, ఆమెన్ అన్నప్పుడు అందరికంటే నీ గొంతే గట్టిగా వినపడిందే అని ఫిలిప్ ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు, చెయ్యనీ, వినపడాలనే అంది.

అదుగో ఫిలిప్, కుళాయి దగ్గర పళ్ళు తోముకుంటూ ఇటే చూస్తున్నాడు, మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, పని నుంచి వచ్చాక చార్జింగు గుచ్చడం ఎప్పుడూ అతనిదే, మసక చీకట్లో అలవాటు చేత్తో గుచ్చేసి స్నానానికి పోతాడు, ఒళ్ళంతా ఘాటుతో వచ్చే మనిషికి ఇంకో ఘాటు ఏం తెలుస్తుంది, నిన్న మాత్రం గుచ్చితే ఎర్రలైటు వెలిగింది, తీసి గుచ్చినా అదే, కుమారీ ఒకసారి రావే అని కేకేశాడు, ఇద్దరూ సెల్లు లైటు వేసి చూశారు, వేలితో కాస్త తీసి వాసన చూశాడు ఫిలిప్, పుట్టినప్పటి నుంచీ ఎరిగిన వాసన, వాళ్ళమ్మ తలనూనె, అప్పుడు అరుగు మీద నుంచి అత్తయ్య, రాహేలమ్మ, ఏమీ దాచుకోకుండా, నేనేరా రాసింది, శనివారం శనివారం నేను తలకి పెట్టుకునేటప్పుడు దానికీ ఓ చుక్క పెడతన్నా, ఎండనబడి తిరిగొచ్చుద్ది, ఒళ్ళంతా కాలిపోతా ఉంటది, బొడ్డులో నూనె పెడితే చలవ చేసుద్ది గదా అంది, కారుకు బొడ్డేందమ్మా అని ఫిలిప్ అరిచాడు, సంతోషకుమారి మాత్రం అరవలేకపోయింది, ఆ మాట తనదే, కారొచ్చిన సాయంత్రం చుట్టూ మూగిన పిల్లల ముందు ఎక్కడలేని గొప్పతో, ఇది పెట్రోలు తాగదత్తయ్యా, ఇదే దీని బొడ్డు, ఈ తీగే బొడ్డుతాడు, రాత్రంతా తాగి పొద్దున్నే పరిగెత్తుద్ది అని చెప్పింది, పిల్లలు పకపకా నవ్వారు, అత్తయ్య నవ్వలేదు, విన్నది, పసిబిడ్డకు బొడ్డులో నూనె పెట్టకపోతే వేడి చేస్తుందని ఎరిగిన మనిషి విన్నట్టు విన్నది, వానాకాలమంతా ఆ చుక్క ఎవరి కంటా పడలేదు, ఇప్పుడు ఎదురు కల్లంలో మిరపకాయ ఆరబోసి బస్తాల్లో తొక్కుతుంటే లేచిన ఎర్రదుమ్మంతా వచ్చి ఆ జిడ్డు మీద కూర్చుంది.

ఫిలిప్ నోరు ఊరుకోలేదు, నీకేం తెలుసని దాని జోలికి పోయావు, కొట్టంలో గేదె అనుకున్నావా, దాని బ్యాటరీ పోతే మళ్ళీ కొనగలమా మనం, అన్నాడు, నా వల్ల పాడైందా అమ్మాయ్, అని ఒక్కటే మాట తనని అడిగింది అత్తయ్య, ఏం కాదులే అత్తయ్యా అని తనంటే, ఆ మాటలో బలం లేదని కనిపెట్టి, ఆకలి లేదని ముసుగు తన్ని పడుకుంది, పొద్దున కాఫీ కూడా ముట్టలేదు, ఇప్పుడు అరుగు మీద చేట పెట్టుకుని ఇంటి కారానికి తెచ్చిన కాయలోంచి తెల్లబోయిన తాలుకాయ ఏరుతోంది, ఎవరి వైపూ చూడకుండా, రాత్రి ఆమె పడుకున్నాక, మోటార్లు బాగుచేసే పీరుని పిలుస్తా, పెట్రోలుతో తుడిచేస్తాడు, మూడో కంటికి తెలవదు అన్నాడు ఫిలిప్, బయటి చెయ్యి పడితే అసలుకే మోసం అంది తను, అయితే దుమ్మని చెప్పు, నూనె మాటెత్తావంటే మీరే పోసుకున్నారు, మాకు సంబంధం లేదంటారు, దుమ్ము అబద్ధమేం కాదుగా అన్నాడు, కాదు, సగం నిజం, సగం జవాబుకు సగం మార్కులు వేసే టీచరే తనూ, వారంటీ నిలుస్తుంది, సరే అంది, సరే అన్నాక నిద్ర పట్టలేదు.

అసలు అత్తయ్యకు ఈ కారంటే గిట్టదనే అనుకుంది ఏడాదంతా, ఎక్కమంటే చెప్పులు బయట విప్పి ఎక్కుతుంది, సీటు అంచున కూర్చుని ముందు సీటును రెండు చేతులా పట్టుకుంటుంది, పరాయివాళ్ళ బండిలో కూర్చున్నట్టు, బాగుందా అత్తయ్యా అని మొదట్లో ఒకసారి అడిగితే, ఏం కారో, వచ్చిందో రాలేదో కూడా తెలవదు, చప్పుడన్నా ఉండొద్దూ అంది, అంతే, హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు, చర్చిలో ఆడవాళ్ళు అద్దాల్లో మొహాలు చూసుకుని మురిసిపోయారు, ఒకరోజు పెద్ద ఆసామి, ఎవరి పొలంలో అత్తయ్య నడుం వంగేదాకా కాయ కోసిందో ఆ ఆసామే, మలుపులో బుల్లెట్టు ఆపి, చార్జింగు ఎంతదూరం వస్తుంది టీచరుగారూ, మా అబ్బాయి కొందామంటున్నాడు అని అడిగాడు, గారూ అన్నాడు, వెనక సీట్లో రాహేలమ్మను పెట్టుకుని రాహేలమ్మ కోడల్ని గారూ అన్నాడు, ఏసీ ఫిల్టరు నుంచి టైర్ల గాలి దాకా అన్నీ విడమర్చి చెప్పింది తను, తొందరేం లేనట్టు, ఆయన ఎండలో నిలబడి విన్నాడు, ఇంటికి వచ్చేదాకా వెనక సీట్లోంచి ఒక్క మాట వస్తుందేమోనని అద్దంలో చూస్తూనే ఉంది, అత్తయ్య కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది, ఎవరెంత మెచ్చుకున్నా కడుపు నిండకపోవడం, ఆ ఒక్క నోటి నుంచి వస్తే నిండుతుందనుకోవడం, ఈ వయసులో ఇదేం ఆశ అని తనను తనే కసురుకుంది.

నమస్కారమండీ, నజ్మీన్ మాట్లాడుతున్నాను, చెప్పండి, అని పాట ఆగి నిజం మనిషి గొంతు పలికేసరికి సంతోషకుమారి ఉలిక్కిపడి లేచి నిలబడింది, బండి నంబరు చెప్పింది, సార్ పేరండీ అంది ఆ అమ్మాయి, సంతోషకుమారి, కాదండీ, ఓనరు పేరు, అదేనమ్మా ఓనరు పేరు, సారీ మేడం అని ఆ అమ్మాయి చిన్నగా నవ్వింది, తనూ నవ్వింది, ఈ మాట చెప్పడానికి ఇంకో పదిసార్లు అడిగినా విసుగు రాదు, సోమవారం ఖాళీ లేదు, మంగళవారం పొద్దున ఉంది, మంగళవారమే రాసుకో, సెలవు పెడతాను, బ్రేకులు చూస్తారండీ, కూలెంటు చూస్తారు, టైర్లు ముందువి వెనక్కి మారుస్తారు, ఏసీ ఫిల్టరు మీ వైపు బళ్ళకు మార్చక తప్పదండీ, మిర్చి కదా, మొన్న ఒకరి బండి విప్పితే మా మెకానిక్కులంతా తుమ్ములే అంది, తను నవ్వబోయి నవ్వలేకపోయింది, ఇంకేమైనా కంప్లయింటు ఉందా మేడం, ఉందమ్మా, నిన్నటి నుంచి చార్జింగు ఎక్కడం లేదు, ఉన్నదానితో గుంటూరు వరకు వచ్చేస్తాను, అక్కడ ఏమైనా పడిందాండీ, నీళ్ళు గానీ ఇంకేదైనా గానీ, బయటివాళ్ళెవరైనా ముట్టుకున్నారా, అందర్నీ అడగాలండీ, రాయాలి.

ఫిలిప్ నోట్లో బ్రష్షుతోనే చెయ్యి ఊపాడు, దుమ్ము, దుమ్ము అని పెదాలు కదిపాడు, అరుగు మీద చేట చప్పుడు ఆగిపోయింది, అత్తయ్య తలెత్తలేదు, కాయల మధ్య చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది, ఆ చెయ్యి, ఏడో నెలలోనే పుట్టి పిల్లికూనంత ఉన్న మనవరాలు జెస్సీని గుంటూరు ఆస్పత్రి అద్దాల పెట్టెలోంచి ఇంటికి తెచ్చుకున్నప్పుడు, ఈ బిడ్డ దక్కుద్దా అని చూడొచ్చినవాళ్ళు గుసగుసలాడుతుంటే, కాయ కోతల నుంచి వచ్చి, ఆ మంట చేతులతో పసిదాన్ని ముట్టకూడదని మజ్జిగ పోసుకుని రుద్ది రుద్ది కడుక్కుని, మాడుకూ బొడ్డుకూ రోజూ నూనె పెట్టిన చెయ్యి, ఆ జెస్సీ ఇవాళ గుంటూరులో నర్సింగు చదువుతోంది, ఆ రోజుల్లోనే ఆసామి ఇంటావిడ కబురు పంపింది, మా మనవడికీ నూనె రాసి పోవే రాహేలూ, కూలితో పాటు ఇస్తాం అని, కూలికి కాయ కోస్తానమ్మా, కూలికి నూనె రాయను, నా వాళ్ళకే రాసుకుంటా, అని చెప్పి పంపింది అత్తయ్య, మర్నాడు ఆ చేలోనే పనికి వెళ్ళింది, తలెత్తుకునే వెళ్ళింది, నా వాళ్ళకే, ఫిలిప్‌కి, జెస్సీకి, పురుడు పోసుకుని పడి ఉన్న తనకి, ఈ గడప దాటి ఇంకెవరికీ రాయని చెయ్యి, మరి ఏడాదిగా ఈ కారుకు.

మా అత్తగారు కొబ్బరినూనె రాశారమ్మా, అంది సంతోషకుమారి, వెనక బెంచీ దాకా వినపడే క్లాసు గొంతుతో, అరుగు దాకా వినపడాలని, శనివారం శనివారం రాశారు, దానిమీద మిర్చి దుమ్ము పట్టింది, అట్లాగే రాసుకో, ఫిలిప్ బ్రష్షు తీసి నెత్తి కొట్టుకున్నాడు, అటువైపు కీబోర్డు చప్పుడు ఆగింది, అలా రాస్తే వారంటీకి అడ్డం రావచ్చు మేడం, టెక్నీషియన్ చూసి చెబుతారు, నేనైతే మాటివ్వలేను, దుమ్మని రాసెయ్యమంటారా, అంది నజ్మీన్ గొంతు తగ్గించి, వద్దమ్మా, నూనె అనే రాయి, పేరు కూడా రాయి, రాహేలమ్మ, మంగళవారం ఆమే నా పక్కన కూర్చుని వస్తారు, ఎవరన్నా అడిగితే ఆమే చెబుతారు, అసలెందుకు రాశారండీ అని అడిగింది నజ్మీన్, ఇది కంపెనీ అడగమన్న ప్రశ్న కాదని గొంతులోనే తెలిసింది, మా ఇంటి పిల్ల కదమ్మా ఇది, అనేసి తనే ఆశ్చర్యపోయింది సంతోషకుమారి, ఫోను పెట్టేశాక కూడా అక్కడే నిలబడింది, వారంటీ నిలుస్తుందో పోతుందో మంగళవారం తేలుతుంది, నిలిస్తే సంతోషం, పోతే ఆ కష్టమేదో ఇద్దరి జీతాలూ పడతాయి, అరుగు మీద రాహేలమ్మ చేట పక్కకు జరిపి, కాఫీ ఉంటే ఇంత వెచ్చబెట్టవే అమ్మాయ్ అంటోంది, వినపడుతోంది, కానీ సంతోషకుమారి మనసు ఒకే ఒక్క చోట ఆగి కదలనంటోంది, ఏడాదిగా తను ఎదురుచూసిన మాట అత్తయ్య వారంవారం చెబుతూనే ఉంది, నోటితో కాక చేత్తో.