మణికట్టులో గీత

మా అక్క కొడుకుని ఇంట్లో అందరం కొంగ అంటాం. మనిషంతా కాళ్ళే. ఆ కాళ్ళ పుణ్యమా అని పదిహేడేళ్ళలోపు పిల్లల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలకు దేశం జట్టులో చోటు దొరికింది. ఆ రోజు నుంచి కుట్టుషాపులో అక్కకు పని సాగితే ఒట్టు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకు కొంగ కొట్టిన గోల్స్ అన్నీ వినిపించిగానీ వదిలేది కాదు.

జట్టు బయల్దేరే ముందు ఒక తతంగం ఉంది. వయసు దాచి ఆడేవాళ్ళను పట్టుకోవడానికి పిల్లలందరికీ ఎడమ మణికట్టు స్కాన్ చేస్తారు. ఎదిగే వయసులో అక్కడ ఎముక చివర సన్నటి గీత కనిపిస్తుంది. ఎదుగుదల ఆగిపోతే ఆ గీత మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకుపోయిందంటే పోటీల నుంచి అవుట్. ఆ మిషన్ మా ఆసుపత్రిలోనే ఉంది. నడిపేది నేనే.

"మా పిన్నేరా!" అని కొంగ జట్టంతటికీ టముకు వేశాడు. మిషన్ మోతకు మిగతా పిల్లలు బెదరకూడదని ముందు వాణ్ణే పడుకోబెట్టాను.

"కదిలావో, వీపు విమానం మోత మోగుతుంది."

"చక్కిలిగింతలు పెట్టదు కదా పిన్నీ?"

అద్దానికి ఇవతల కూర్చుని బొమ్మ చూశాను. గీత లేదు. మిషన్‌ని నోటికొచ్చినట్టు తిట్టి మళ్ళీ తీశాను. అప్పుడూ లేదు. వాడు పుట్టినప్పుడు నర్సు తెచ్చి మొదట నా చేతుల్లోనే పెట్టింది. నిన్న గాక మొన్న పదహారు నిండాయి. కొందరికి ఎముక తొందరగా ముదురుతుంది. అది వాళ్ళ తప్పు కాదు, ఎవరి తప్పూ కాదు.

డాక్టరుగారి గదికి పరుగెత్తాను. "వీడు నా కళ్ళ ముందు పుట్టాడు సార్!"

"నేను నమ్ముతానమ్మా. ఇలా అన్యాయమైపోయేవాళ్ళు ఒకరిద్దరుంటారని ఆ రూలు పెట్టినవాళ్ళకీ తెలుసు. అయినా రూలు రూలే."

ఆ తర్వాత మిగతావాళ్ళకు తీశాను. పొద్దున్నే గడ్డం గీసుకుని వచ్చిన గోల్‌కీపర్‌కి గీత దివ్యంగా ఉంది. వాడి అసలు వయసు దేవుడికే ఎరుక. నాకు ఒళ్ళు మండిపోయింది.

కోచ్ వరండాలోనే కొంగ భుజం మీంచి జట్టు జాకెట్ తీసుకున్నాడు. "ముందే చెప్పి ఉంటే ఇంకొకణ్ణి చూసుకునేవాణ్ణి కదరా."

"ఏం చెప్పాలి సార్?" అన్నాడు వాడు. కోచ్ జాకెట్ మడతపెట్టుకుంటూ బస్సు వైపు వెళ్ళిపోయాడు.

వాణ్ణి ఇంటికి నేనే తీసుకెళ్ళాను. మాకంటే ముందే కబురు చేరింది. వీధి మలుపులో ఆడుకుంటున్న పిల్లలు "తాతా, బాగున్నావా?" అని అరిచారు. వాళ్ళ మీదికి చెప్పు తీశాను. కొంగ మాత్రం తలెత్తలేదు.

అక్క ఏడ్చి ఏడ్చి మొహం కడుక్కుని అన్నం పెట్టింది. వాడు ముద్ద కలిపాడుగానీ నోట్లో పెట్టుకోలేదు.

"అమ్మా, ఒకటడుగుతా, కోప్పడకు. నా వయసు నిజంగా ఎంత?"

"పదహారేరా నాయనా. కన్నదాన్ని, నాకు తెలీదా?"

వాడు నా వైపు తిరిగాడు. "మిషన్ తప్పు చూపిస్తుందా పిన్నీ?"

"చూపించదురా, కానీ..."

ఆ తర్వాత నేను చెప్పినవేవీ వాడు వినలేదు. కంచం పక్కకు జరిపి, పుట్టాక మొదటిసారి వాళ్ళమ్మను అనుమానంగా చూశాడు.