మాస్టరు ఒంటి కొలత

దర్జీ మాస్టరుకు పెద్దపేగులో మొదలైన క్యాన్సరు కాలేయానికి పాకింది. కుడి డొక్కలో నొప్పి భుజం దాకా తన్నుకొచ్చి, కటింగు బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడనివ్వడం లేదు. కాలేయానికి ఒకసారి రేడియేషన్ ఇస్తే నొప్పి తగ్గవచ్చనీ, జబ్బు మాత్రం పోదనీ డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. నొప్పి తగ్గితే చాలన్నాడు మాస్టరు. బల్ల దగ్గర నాలుగు రోజులు నిలబడగలిగితే ఆయనకు అదే పదివేలు. ఇరవయ్యారేళ్లుగా కాజాలు కుట్టడమే తప్ప కత్తెర పట్టని భార్యకు కటింగు నేర్పాలి. కటింగు రాకపోతే తన తర్వాత కొట్టుకు తాళమే గతి.

స్కానింగు గదిలో ఆయన పొట్ట మీద సిరాతో గుర్తులు పెట్టి, చికిత్స అయ్యేదాకా చెరపవద్దన్నారు. ఆ మాట భార్య చెవిన వేయడం మరచి, మాత్ర వేసుకుని పడుకున్నాడు. లేచేసరికి పొట్ట అద్దంలా మెరుస్తోంది. గిరాకీకిచ్చే బట్ట మీద గీత కనబడితే కొట్టు పరువు పోతుందని ఆవిడకు నేర్పింది ఆయనే. మహా పనిమంతురాలు, సబ్బు పెట్టి మరీ తోమేసింది.

స్కానింగు మళ్లీ మొదటికొచ్చింది. చికిత్స నాలుగు రోజులు వెనక్కి పోయింది. ఆవిడ తల బాదుకుని ఏడుస్తుంటే, తన శిక్షణ అంత గట్టిదన్నమాట అని మాస్టరు పంటి బిగువున నొప్పి భరిస్తూనే నవ్వాడు. ఈసారి గుర్తులకు ఆవిడే కాపలా కాసింది.

రేడియేషన్ పావుగంటలో అయిపోయింది. ఆ సాయంత్రం వాంతులు, తర్వాత వారం నీరసం. పదో రోజుకు నొప్పి సగానికి దిగింది. మాస్టరు బల్ల దగ్గరకు నడిచొచ్చి, పరాయివాళ్ల బట్ట పాడుచేయడమెందుకని తన చొక్కాకే గుడ్డ పరిచాడు.

ఆవిడ ఆయన ఛాతీకి టేపు చుట్టి, అంకె చూసి, నమ్మలేక మళ్లీ చుట్టి చూసింది. గుడ్డ మీద మాత్రం ఉండాల్సిన వదులు కన్నా నాలుగంగుళాలు ఎక్కువే గీసింది.

"ఈ నాలుగంగుళాలు ఎవరికి?" అన్నాడు మాస్టరు.

"మీరు మళ్లీ ఒళ్లు చేస్తారు కదండీ."

మాస్టరు రెండు చేతులతో బల్ల పట్టుకున్నాడు. అవునని అనేస్తే ఆవిడ ముఖం వికసిస్తుంది. అనాలనే ఉంది. కానీ అంటే పాఠం తప్పుతుంది.

"చెయ్యను. ఉన్న ఒంటికే కోయాలి. లోపలికి గియ్యి."

ఆవిడ కన్నీళ్లు తుడుచుకోలేదు. లోపలికి కొత్త గీత గీసి, కత్తెర పట్టి, చివరిదాకా ఆగకుండా కోసింది.